ఏనుగు కాళ్ళు, మా అమ్మ బెత్తెడు

మొన్న దసరాకు మా ఊరి తెలుగువాళ్ళమంతా ఒకచోట చేరాం. ఊరంటే ఇక్కడ డాలస్‌కు ఉత్తరాన ఉన్న శివారు; అసలు ఊరు తెనాలి దగ్గర. తలా ఒక వంటకం తెచ్చుకొని తిని, పిల్లల చేత పద్యాలు చెప్పించి, పెద్దలం ఇళ్ళ ధరల గురించి మాట్లాడుకొనే ఆనవాయితీ ఒకటి ఇరవై ఏళ్ళుగా నడుస్తున్నది. విస్తళ్ళు ఎత్తేవేళకు ఒక పెద్దాయన వాకిట్లో ఉన్న నా బండిని చూశారు. చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం మీద వేళ్ళు ఆనించి, పదిమందికీ వినిపించేటట్లు అన్నారు: "ఏమిటండీ ఇది! ఎస్‌యూవీని కిందికి దించడమంటే ఏనుగుకు కాళ్ళు నరకడం కాదూ?"

అందరూ నవ్వారు. నోటినిండా పులిహోర ఉన్నది కనుక నేనూ నవ్వాను. అంత్యనిష్ఠూరం కన్న ఆదినిష్ఠూరం మేలంటారు. ఆ రెండూ చేతకాక ఇంటికి వచ్చి టపా వ్రాసే రకం నేను. బ్లాగ్మిత్రులకు నా ఈ బలహీనత కొత్త కాదు. ఆయన మాట సరదాకన్నదే. కానీ ఆ సరదా వెనుక ఒక నమ్మకం ఉన్నది, ఆ నమ్మకం తప్పు. నాకు దానితోనే జగడం.

బండి ఏదో ముందు చెప్పాలి. 1999 నాటి హోండా సీఆర్‌వీ, మొదటి తరం. 2004లో సెకండ్ హ్యాండులో కొన్నాను. ఇప్పటికి రెండు లక్షల ముప్ఫైవేల మైళ్ళు దాటింది. వెనుక తలుపుకు స్టెప్నీ చక్రం తగిలించుకొని, ఆ తలుపును పక్కకు తెరుచుకొనే తీరులో ఉంటుంది. సామాను పెట్టుకొనే చోట నేలపలకను పైకి లాగితే అదే కాళ్ళు మడిచిన భోజనపు బల్ల. ఆ బల్ల మీద మేము తిన్న దద్ధోజనాల సంగతి ఈ బ్లాగు పుట్టిన కొత్తలోనే ఒక టపాగా వ్రాశాను కనుక మళ్ళీ ఎత్తుకోను.

పెద్దాయన ఏనుగు అన్నారే, ఆ మాట దగ్గరే పేచీ. ఏనుగు అంటే కింద ట్రక్కు చట్రం, పైన వేరుగా బిగించిన శరీరం, బురదలోకి దిగినా బెదరని గేర్లు ఉండేది. నా బండికి అవేవీ లేవు. అది ఆనాటి సివిక్ కారు పునాది మీద కట్టిన బండి. ముందూ వెనుకా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. ఇంజన్ రెండు లీటర్లు, 146 గుర్రాల బలం. నాలుగు చక్రాల నడక ఉన్నదంటారు గానీ మామూలుగా లాగేవి ముందు చక్రాలే. అవి జారితే వెనుక డిఫరెన్షియల్‌లోని రెండు పంపుల మధ్య వేగాల తేడా వచ్చి, నూనె ఒత్తిడి పెరిగి, క్లచ్ పట్టుకొని అప్పుడు వెనుక చక్రాలు కదులుతాయి. వానలో పనికి వచ్చే తెలివైన ఏర్పాటే అది, అడవికి మాత్రం కాదు. దసరాకు పులివేషం కట్టినవాడు సాయంత్రం రంగు కడుక్కొని ఇంటికి పోతాడు. ఈ సివిక్కు ఏనుగు వేషం వేయించి పాతికేళ్ళు దాటింది. కాళ్ళు నరికానంటున్నారే, నేను విప్పించింది ఆ మరుగుజ్జు వేషగాడు కట్టుకొన్న కర్రకాళ్ళు మాత్రమే.

ఈ కర్రకాళ్ళు ఎక్కడినుండి వచ్చాయో కూడా చెప్పుకోవాలి. ఎత్తు అంటే ఏదో దివ్యలక్షణం అనుకొనేవాళ్ళు అందులో కాగితాల పాలెంతో తెలిస్తే కొంత చల్లబడతారు.

అమెరికాలో 1975లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. కార్లకు ఒక గీత, తేలిక ట్రక్కులకు అంతకంటె మెత్తని గీత గీశారు. 1990లలో కార్ల కంపెనీ తన కార్లన్నింటి సగటున గాలనుకు 27.5 మైళ్ళు చూపించాలి, ట్రక్కులకైతే 20.7 చాలు. మరి ట్రక్కు ఏది? రైతు పొలానికి తీసుకుపోయేదని మనమనుకొంటాం. నిబంధనల పుస్తకంలో ఉన్నది వేరు. నాలుగు చక్రాల నడక గానీ ఆరువేల పౌండ్లకు మించిన మొత్తం బరువు గానీ ఉండి, అయిదు కొలతలలో నాలుగు కుదిరితే అది బాట లేని చోట నడిచే బండి, అనగా ట్రక్కు. ఆ అయిదింటిలో మూడు కోణాలు. ముందు బంపరు కింద 28 డిగ్రీలు, పొట్ట కింద 14, వెనుక 20. తక్కినవి ఎత్తులు: ఇరుసుల కింద 18 సెంటీమీటర్లు, పొట్ట కింద 20 సెంటీమీటర్లు.

నా బండి పుస్తకంలో నేలకూ పొట్టకూ మధ్య ఖాళీ 8.1 అంగుళాలని ఉన్నది. అనగా ఇరవైన్నర సెంటీమీటర్లు. గీత దాటి అరసెంటీమీటరు! ఈ బండిని ఆ గీత కోసమే అంత ఎత్తు కట్టారని నేననను. అది 1995లో మొదట జపానులో అమ్మకానికి వచ్చిన బండి. కానీ గీత కోసమే ఎత్తు పెంచిన కథ వేరే ఒకటి అందరికీ తెలిసిందే. 2005 మోడలు సుబారు అవుట్‌బ్యాక్‌ను కొంచెం పైకి లేపి తేలిక ట్రక్కుల జాబితాలో చేర్చారు. నిన్నటిదాకా కారుగా ఉన్నది మర్నాడు లారీ చుట్టమయింది.

మన దేశంలో ఇదే తమాషా తలకిందులుగా జరిగింది. 2013 బడ్జెటులో ఎస్‌యూవీల మీద ఎక్సైజు సుంకాన్ని 27 నుండి 30 శాతానికి పెంచారు. ఎస్‌యూవీ అంటే ఏమిటో చెప్పడానికి పొడవు నాలుగు మీటర్లకు మించడం, ఇంజన్ 1500 సీసీకి మించడం, వీటితోపాటు నేలనుండి 170 మిల్లీమీటర్ల ఖాళీ అనే కొలత కూడా పెట్టారు. ఒక దేశంలో ఎత్తుకు బహుమానం, ఇంకో దేశంలో ఎత్తుకు జరిమానా. ఇంజనీరు గీత గీయబోతే గుమాస్తా చెయ్యి పట్టుకొంటాడు. ఆ గుమాస్తా గీతను మనం ఆచారంగా నెత్తిన పెట్టుకొని, ఎవడైనా రెండంగుళాలు దించితే అపచారం జరిగినట్లు మాట్లాడతాం.

సరే, గుమాస్తాకు ఒక కారణం ఉన్నది. నా కారణం చెబుతాను.

క్రిందటి ఏడాది మా అమ్మ ఆరునెలలు మా దగ్గర ఉండడానికి వచ్చింది. వయస్సు డెబ్బై ఏడు. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. రెండు మోకాళ్ళూ అరిగాయి, కుడిది మరీ. శస్త్రచికిత్స వద్దన్నది. "ఉన్నన్నాళ్ళు ఇవే నడుస్తాయిలే" అన్నది. చీర తప్ప వేరే కట్టదు. తెనాలిలో ఆమె ఉదయం గుడికి నడిచి వెళ్తుంది, సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుంటుంది. మధ్యలో కూరలబండి వస్తుంది, పాలవాడు వస్తాడు, ఎదురింటివాళ్ళతో చిన్నపాటి తగవు వస్తుంది. ఇక్కడ వీటిలో ఒక్కటీ లేదు. దగ్గరి దుకాణం రెండు మైళ్ళు. నడవడానికి దారి సగం దూరం ఉండి తర్వాత గడ్డిలో కలిసిపోతుంది. గుడి పదిహేడు మైళ్ళు. కొడుకూ కోడలూ పనికి పోతే, మనవలు బడికి పోతే, రెండువేల అయిదువందల చదరపు అడుగుల ఇంట్లో ఆమె, ఫ్రిజ్ చప్పుడు. అమెరికాకు వచ్చే తల్లిదండ్రులలో ఎక్కువమంది సంగతి ఇదే. మనం దానిని "రెస్టు" అంటాం.

ఆ ఇంటికీ లోకానికీ మధ్య ఉన్న ఒకే ఒక్క తలుపు బండి తలుపు. ఆ తలుపు దగ్గర ఆమె ఓడిపోయేది.

సీఆర్‌వీ ముందు సీటు అంచు, ఆమె నిల్చుంటే, తొడ పైభాగానికి వచ్చేది. కుడికాలు ఎత్తి లోపల పెట్టాలంటే మోకాలు మడిచి బరువంతా ఎడమకాలి మీద వేయాలి. కుచ్చిళ్ళు అడ్డుపడతాయి. ఒక చెయ్యి పైన పిడిని అందుకోవాలి, అందదు. మొదటి వారం నేను వెనుకనుండి పట్టుకొని ఎక్కించాను. గుడి ఆవరణలో, పదిమంది చూస్తుండగా. రెండుసార్లు అయ్యాక మూడోసారి ఆమె "మీరు వెళ్ళిరండి నాయనా, నాకు పారాయణం ఉంది" అన్నది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ పారాయణమే. నేను నమ్మినట్లు నటించాను, ఆమె చదువుతున్నట్లు నటించింది. కొడుకు చేత పసిబిడ్డలా ఎత్తించుకోవడం ఆమెకు ఇష్టం లేదని అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగు డిగ్రీ అక్కరలేదు. అయినా నాకు నెల పట్టింది.

ఇక్కడ మిత్రులు అడ్డుపడతారని తెలుసు. "ఎత్తు బండే పెద్దవాళ్ళకు సుఖం కదా, సెడాను అయితే గోతిలోకి దిగినట్లుంటుంది" అంటారు. ఆరడుగుల మనిషికి అది నిజం. మా ఆవిడ సెడానులోకి అమ్మ దిగగలదు, పైకి లేవలేదు. అరిగిన మోకాలితో కిందినుండి లేవడం, పైకి ఎక్కడం కన్న కష్టం. ఆమెకు కావలసినది ఈ రెంటికీ మధ్య. నిల్చున్న మనిషి నడుము వెనక్కు జరిపితే ఆనుకొనేంత ఎత్తు, అంతే. ఆ కొలత ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు. ఒకనాడు గ్యారేజీలో బండి పక్కన నిల్చుని, సీటు అంచుకు కింద నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనించి, తనే చూపించింది. "ఇదిగో, ఈ బెత్తెడు తగ్గితే నేనే ఎక్కుతానురా."

టేపు పెట్టి ఆ నాలుగు వేళ్ళూ కొలిచాను. ఆరున్నర సెంటీమీటర్లు.

"పీట వేస్తే పోయేది కదా" అన్నవారికి: వేశాం. పీట ఎక్కడమూ ఒక మెట్టే. అరిగిన మోకాలికి ఒక మెట్టుకు బదులు రెండు మెట్లు. వానలో ప్లాస్టిక్ పీట జారుతుంది. ఎక్కాక దానిని ఎవరో తీసి లోపల పెట్టాలి. ఒకసారి దుకాణం ముందు మరచివచ్చాం. పక్కన ఫుట్‌బోర్డు బిగిస్తే నిలబడే మనిషికీ సీటుకూ మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. పొట్టివాళ్ళకు అది మేలు చేయదు. "కొత్త బండి కొనరాదా" అన్నవారికి: 2025 సెప్టెంబరులో ఈ దేశంలో కొత్త వాహనం సగటు ధర 50 వేల డాలర్లు దాటింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు కాలేజీకి సిద్ధంగా ఉన్నారు. అదీగాక, ఇంజన్ గడియారంలా నడుస్తున్న బండిని నాలుగు వేళ్ళ ఎత్తు కోసం పారవేయడం నా చేత కాదు. చొక్కా పొడుగైతే అంచు మడిచి కుట్టించుకొని పెరిగినవాళ్ళం మనం.

ఇక నా తప్పు సంగతి. దాచితే ఈ వాదానికి విలువ ఉండదు.

మొదటిసారి తొందరపడ్డాను. అమ్మ ఉండగానే పని జరగాలని, ఎవరో చెప్పిన ఒక చిన్న వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాను. పేరు చెప్పను. వాడు రెండు గంటలలో ఇచ్చాడు, రెండువందల డాలర్లు పుచ్చుకొన్నాడు. ఏం చేశాడంటే, ఉన్న స్ప్రింగులనే గ్రైండరుతో కోశాడు. బండి కిందికి దిగింది. అమ్మ తనంతట తనే ఎక్కింది. ఆ పూట నా సంతోషం చెప్పనలవి కాదు.

ఆ ఆదివారమే గుడికి వెళ్తూ ఒక వంతెన మొదట్లో కాంక్రీటు అతుకు మీదుగా పోయాం. పెద్ద గుంట ఏమీ కాదు. రోజూ పోయే అతుకే. బండి నేలకు కొట్టుకొన్నంత చప్పుడయింది. అమ్మ పిడి గట్టిగా పట్టుకొన్నది, ఏమీ అనలేదు. రాత్రి వేడినీళ్ళ సంచీ నడుము కింద పెట్టుకొని పడుకొన్నది. అడిగితే "కూర్చుని కూర్చుని పట్టేసింది" అన్నది. మళ్ళీ పారాయణం మొదలు. రెండునెలల తర్వాత తెనాలి తిరిగి వెళ్ళిపోయింది. విమానాశ్రయానికి మా ఆవిడ సెడానులో తీసుకువెళ్ళాం. దిగేటప్పుడు నేనూ మా అబ్బాయీ చెరో చెయ్యి పట్టి లేపాం.

కనుక, కేవలం చూపు కోసం బండిని నేలకు అంటించి తిరిగే కుర్రకారు నన్ను తమ జట్టులో కలుపుకొంటే ఒప్పుకోను. నా పోరు పెద్దాయనతో ఎంత ఉన్నదో వీళ్ళతోనూ అంతే ఉన్నది. స్ప్రింగును కోస్తే పొట్టిది మాత్రమే కాదు, గట్టిదీ అవుతుంది. ఆరు చుట్ల స్ప్రింగులో ఒకటిన్నర చుట్టు తీసివేస్తే మిగిలిన నాలుగున్నర చుట్లు మునుపటికన్న మూడోవంతు ఎక్కువ బిరుసుగా ఉంటాయి. కోసిన కొన తన గిన్నెలో సరిగా కూర్చోదు. ఆ బిరుసును అదుపు చేయడానికి పాత షాక్ అబ్జార్బరుకు శక్తి చాలదు. కిందికి కదిలే చోటు తగ్గింది కనుక చిన్న అతుకు దగ్గరే బంప్ స్టాప్ రబ్బరు తగులుతుంది. ఆ దెబ్బ నేరుగా వెన్నుకు. నాలుగువేల మైళ్ళలో నా వెనుక టైర్లు లోపలి అంచున తీగలు కనిపించేదాకా అరిగాయి. చక్రం పైభాగం లోపలికి వాలడం వల్లనే ఇలా అవుతుందని అందరూ అంటారు; వాలు కన్న ఎక్కువ తినేది చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం. దించాక అలైన్‌మెంటు చేయించకపోతే టైరు ప్రతి మైలూ అడ్డంగా రాసుకొంటూ పోతుంది. ఆ మహానుభావుడు ఆ మాటే ఎత్తలేదు.

మరొక వింత. అప్పటికింకా టెక్సాస్‌లో మామూలు బండ్లకు ఏటేటా భద్రతా తనిఖీ ఉండేది. ఆ కోసిన స్ప్రింగులతోనే నా బండి తనిఖీ నెగ్గి కాగితం తెచ్చుకొన్నది. 2025 జనవరి 1 నుండి ఆ తనిఖీ కూడా లేదు. ఇప్పుడు ఈ రాష్ట్రంలో నా బండికి తనిఖీ అధికారిని నేనే.

అమ్మ వెళ్ళాక చలికాలమంతా ఆ పని మీద కూర్చున్నాను. ఈసారి వేరే మనిషి దగ్గర. మితభాషి, తన పని తనకు తెలిసినవాడు. ఈ బండికే చేసిన పొట్టి స్ప్రింగులు, రెండంగుళాలు తగ్గించేవి. వాటికి సరిపడే కొత్త షాక్ అబ్జార్బర్లు. కదలిక ముందే ఆగిపోకుండా కొంచెం పొట్టి బంప్ స్టాపులు. పాతికేళ్ళ రబ్బరు బుష్‌లన్నీ ఎలాగూ పగిలాయి కనుక అవీ మార్చాం. ఈ బుష్‌ల దగ్గర ఒక కిటుకు ఉన్నది, ఎవరైనా ఈ పనికి దిగితే గుర్తుంచుకోండి. బండి జాకీ మీద ఉండి చక్రాలు వేలాడుతుండగా ఆ బోల్టులు బిగించకూడదు. అలా బిగిస్తే బండి నేల మీద నిలిచాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, ఏడాదికే చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడి, బండి తన కొత్త ఎత్తుకు వచ్చాకే చివరి బిగింపు. ఆ మనిషి నాకు చెప్పకుండానే అలా చేశాడు. అప్పుడే వాడి మీద గురి కుదిరింది.

టైర్లు 205/70 నుండి 205/65కి మార్చాను. దానితో ఇంకొక సెంటీమీటరు. నాలుగూ ఒకేసారి, ఒకే రకం. ఇందాక చెప్పిన రెండు పంపుల సంగతి గుర్తున్నది కదా, ముందూ వెనుకా చక్రాల చుట్టుకొలత తేడా పడితే అవి ఏదో జారుతున్నదని భ్రమపడి రోజంతా పనిచేస్తూ ఉంటాయి. మోసే బరువు సరిపోతుందో లేదో చూసుకొన్నాను, సరిపోతుంది. స్పీడోమీటరు నూటికి మూడు ఎక్కువ చూపిస్తున్నది. అలైన్‌మెంటు రెండుసార్లు. మొదట వెంటనే, తర్వాత స్ప్రింగులు కుదురుకొన్నాక అయిదువందల మైళ్ళకు. హెడ్‌లైట్లు మళ్ళీ గురి చూసి పెట్టించాను. మొత్తం రెండువేల డాలర్ల చిల్లర అయింది.

అయిదు, ఒకటి, ఆరు. అమ్మ అడిగినది ఆరున్నర. అరసెంటీమీటరు బాకీ ఉన్నాను.

"ప్రమాదం కాదూ?" అని మా బావమరిది ఫోనులో అడిగాడు. ప్రమాదం ఎటు ఉన్నదో లెక్క చూద్దాం. బండి తిరగబడే గుణాన్ని ఇక్కడి రహదారి భద్రతా సంస్థ ఒక చిన్న భిన్నంతో కొలుస్తుంది. కుడి ఎడమ చక్రాల మధ్య దూరాన్ని, గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగించడం. కార్లకు ఇది మామూలుగా 1.3 నుండి 1.5 వరకు ఉంటుంది. ఎత్తు బండ్లకు 1.0 నుండి 1.3. చక్రాల దూరం 153 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 64 అనుకొందాం, భిన్నం 1.2. ఆ ఎత్తును అయిదు తగ్గించి 59 చేస్తే 1.3. ఎత్తు బండ్ల గుంపులోనుండి కార్ల గుమ్మం దాకా వచ్చినట్లే. బండి జారేటప్పుడు దానంతటదే ఒక్కొక్క చక్రానికి బ్రేకు వేసి నిలబెట్టే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఈ దేశంలో 2012 మోడళ్ళ నుండి తప్పనిసరి అయింది. నా 1999 బండికి అది లేదు. దానికి ఉన్న రక్షణ దాని రేఖాగణితమే. హైవే మీద ఎవడో సోఫా పారేసుకొని పోతే పక్కకు తప్పించవలసివచ్చిన క్షణంలో ఆ అయిదు సెంటీమీటర్లు నా పక్షాన ఉంటాయి.

ఎత్తు గురించి ఇంకొక మాట. 2023లో ఇక్కడి బీమా సంస్థల భద్రతా పరిశోధకులు ఒక అధ్యయనం వెలువరించారు. ముందు బానెట్టు 40 అంగుళాలకు మించి ఎత్తున్న బండ్లు పాదచారులను ఢీకొంటే, 30 అంగుళాల లోపు వాలు బానెట్టు ఉన్నవాటికన్న ప్రాణం తీసే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని తేలింది. నా బండి ఆ 40 అంగుళాల జాతి కాదు. మా పెద్దాయన బండి ఆ జాతే అనుకొంటాను. దాని పక్కన నిలబడితే మా అమ్మ అవతలివైపుకు కనిపించదు. ఆయన దానిని ఏటా రెండుసార్లు కార్‌వాష్‌కు మించిన బురద చూపించకుండా పెంచుకొంటున్నారు. అది ఆయన ఇష్టం. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనెన్నడూ ఆయనను ఏమీ అనలేదు. ఆయనే ముందు అన్నారు.

అన్నీ లాభాలేనని చెప్పను. మైలేజీ పెరగలేదు, పెరిగితే గిరిగితే నా లెక్కకు అందనంత. ఏటవాలు డ్రైవ్‌వేలలో కొంచెం వంకరగా ఎక్కాలి. మంచు పడిన రెండు రోజులు బండి తీయలేదు. ఇప్పుడు పొట్ట కింద పద్నాలుగున్నర సెంటీమీటర్లు, అనగా మామూలు సెడాన్లకు ఉండేంత. నేను రోజూ ఆఫీసుకు పోయి వచ్చే నలభైనాలుగు మైళ్ళలో అంతకన్న ఎత్తయినది ఏదీ ఎదురు కాదు. రోడ్డు పక్క చచ్చిపడిన ఆర్మడిల్లో తప్ప.

గుంటూరులో ఉంటే మాత్రం ఈ పని చేయను. మా తమ్ముడు అక్కడినుండి ఫోటో చూసి "అన్నయ్యా, మన వీధి స్పీడ్ బ్రేకరు మీద ఇది ఊయలలా నిలబడిపోతుంది" అన్నాడు. నిజమే. పుస్తకం ప్రకారం స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మా వీధిదాన్ని పుస్తకం చూసి కట్టలేదు. చట్టమూ అడ్డే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో, కేరళ నుండి వచ్చిన కేసులో, సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. గ్రైండరుతో రెండు గంటలలో పని ముగించేవాడిని తలచుకొంటే ఆ కఠినత్వం నాకు అర్థమవుతుంది. అయినా మనసులో ఒక మూల గింజుకొంటూనే ఉంటుంది. తయారీదారుకు మా అమ్మ ఎవరో తెలియదు కదా. ఆయన మూల వివరాలలో నాలుగడుగుల పదంగుళాల, మోకాళ్ళు అరిగిన, చీర కట్టిన మనిషి ఉన్నదా? ఆమెను కొలవకుండా కట్టిన బండిని ఆమెకు సరిచేయడం అపచారమెలా అవుతుంది?

పెద్దాయనకు నేనీ మాటలన్నీ చెప్పలేదు. చెప్పవలసిన సమయానికి అమ్మ లోపలినుండి బయటకు వచ్చింది. ఈ ఏడాది మళ్ళీ వచ్చింది. మే నెల నుండి ఉన్నది. ఇప్పటికి ఒక్క ఆదివారం కూడా పారాయణం పేరు ఎత్తలేదు. మంగళవారాలు గ్రంథాలయం పక్క పార్కులో నలుగురు పెద్దవాళ్ళు చేరితే అక్కడికీ వెళ్తున్నది. అక్కడ ఎదురింటివాళ్ళ లాంటి ఒకావిడ దొరికింది, చిన్నపాటి తగవు కూడా మొదలయింది.

మిగిలిన పులిహోర డబ్బా చేతిలో పట్టుకొని, ఎవరి వంకా చూడకుండా, బండి దగ్గరకు నడిచింది. తలుపు తెరిచింది. వెనక్కు తిరిగి నడుము సీటుకు ఆనించింది. కూర్చుని, కుచ్చిళ్ళు సర్దుకొని, రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకొన్నది. తలుపు తనే వేసుకొన్నది. పెద్దాయన చూస్తూనే ఉన్నారు గానీ ఏమి చూస్తున్నారో ఆయనకు తెలియదు.

ఇంటికి వస్తుంటే వెనుక ఎడమవైపు కొత్త బుష్ ఒకటి మలుపు తిరిగినప్పుడల్లా కిచకిచలాడుతున్నది. వచ్చే శనివారం చూడాలి. అమ్మ చెవి ఒగ్గి విని, "ఏరా, ఎక్కడో పిట్ట అరుస్తోంది, అద్దం దించు" అన్నది.

దించాను.